పన్నెండో కట్టు

"పిలుపు చిన్నమ్మకు వచ్చింది. నీకు రాలే. పిలవని కాడికి పోతనంటవేందమ్మా?"

"నా చెల్లె ఉన్నకాడికి పోవడానికి నాకు పిలుపు కావాల్నారా?"

"గది పెండ్లి కాదు. పాలమూరు కాలేజిల పెద్ద సదువులోళ్లు తాము చేసిన పరిశోధనలు పెట్టి చూపిస్తరట. చిన్నమ్మ నడుమ కూసోని కట్టు కట్టి చూపిస్తదట. నువ్వు పోయి ఏం చేస్తవ్?"

"గా కట్టు దానికి నేర్పింది ఎవరో అందరి ముంగట అడుగుత."

"నువ్వే నేర్పినవ్. కాదంటున్ననా? గని గా లెక్కల సారు ముందుగాల మన ఇంటికే వచ్చిండు. ఎండల నిలబెట్టి, మంచినీళ్లు గూడ ఇయ్యకుంట సాగనంపింది నువ్వే గదా?"

"లెక్క చెప్పిన్నా, లేదా?"

"ఏం లెక్క చెప్పినవో నీకే ఎరుక."

మా కొడుకు యాదగిరి మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీయకుండానే ఇన్ని మాటలూ అన్నాడు. నేను గూట్లోంచి సంచి తీసి రెండు చీరలు, పది జొన్న రొట్టెలు, ఇంత వెల్లుల్లి కారం, కట్టుకు కావలసిన దారం, ట్యూబు పీలికలు సర్దుకున్నాను. మా చెల్లె నర్సు రాసిన కార్డును కూడా కొంగున ముడేసుకున్నాను. దాన్ని అప్పటికి ఇరవైసార్లు చదివి ఉంటాను.

యాత్ర సంగతి కంటే ముందు మా పని సంగతి చెప్పాలి. మాది చౌటుప్పల్ దగ్గర నేతగాళ్ల ఊరు. దారం మగ్గం ఎక్కకముందే, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతాం. కట్టు విప్పితే అక్కడ తెల్లగా ఉంటుంది. నేసేటప్పుడు ఆ తెల్లని జాగాలన్నీ కలిసి పువ్వవుతాయి. అయితే పువ్వంతా కట్టం. దారాన్ని ఒకసారి మడిచి, మళ్లీ ఒకసారి మడిచి పావు పువ్వే కడతాం. విప్పితే నాలుగు పావులూ తెరుచుకుని నిండు పువ్వవుతుంది. మా ఇంటి నలుపలకల పువ్వుకు పావులో పదకొండు కట్లు.

పరాయివాళ్లు అడిగితే మాత్రం పన్నెండని చెబుతాం. ఇది మా అమ్మ నేర్పిన పద్ధతి. పన్నెండు కట్టినవాడికి పువ్వు కొస కలవదు, నోరు తెరుచుకుని రెండుగా చీలుతుంది. మా పువ్వును ఎత్తుకుపోయి అంగట్లో అమ్ముదామనుకున్న వాడికి ఆ చీలిన పువ్వే దక్కాలని. కిందటి ఎండాకాలం గళ్ల కాగితాల పుస్తకం పట్టుకుని వచ్చిన పిల్లవాణ్ని నేను నూలు సావుకారు మనిషే అనుకున్నాను. పేరు రఘునాథమట, పాలమూరు కాలేజీలో లెక్కలు చెబుతాడట. ఎవరైతే నాకేం? పన్నెండు అన్నాను. రాసుకున్నాడు. మళ్లీ మా గడప తొక్కవద్దని కూడా చెప్పాను.

ఆ పిల్లవాడు నా దగ్గర్నుంచి తిన్నగా మక్తల్ పోయాడు, నా చెల్లెలు నర్సు దగ్గరికి. అది ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇప్పుడు దానికి కాలేజీలో కుర్చీ వేస్తున్నారు.

నల్గొండ దాపున

పట్నం మీదుగా పోతే ఒక్క రోజులో పాలమూరు చేరవచ్చు. కానీ పట్నంలో దిగితే కిరాయిలు, కాఫీలు, రిక్షాలు. నల్గొండ, దేవరకొండ, కల్వకుర్తి దారిన పోతే రెండు రాత్రులు చుట్టాల ఇండ్లలో గడిచిపోతాయి. అందుకే ఆ దారి పట్టాను.

మొదటి రోజు మా బిడ్డ అత్తగారి ఊళ్లో దిగాను. వియ్యపురాలు సత్తెమ్మ నాకంటే పదేళ్లు చిన్న. కానీ నడుము వంగిపోయింది, మెడ తిప్పలేదు, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆ ఊళ్లో సగం మంది అంతే. పిల్లల పండ్ల మీద పసుపు గీతలు. మా ఊళ్లో ఇలాంటివారు ఒకరో ఇద్దరో ఉంటారు, ఇక్కడ ఇంటికొకరు.

నేను పోయేసరికి సత్తెమ్మ వాకిట్లో పెద్ద హడావుడి. పట్నం దవాఖాన నుంచి డాక్టర్లు వచ్చారు. ఒకాయన ఆమె వెన్నును టేపుతో కొలుస్తున్నాడు, ఒకామె రాస్తున్నది. బల్ల మీద బావి నీళ్లతో నింపిన సీసాలు వరసగా ఉన్నాయి. అందరూ సత్తెమ్మనే చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకు అది కూడా గిట్టలేదు. నా నడుము నిటారుగా ఉన్నందుకు నన్నెవరూ కొలవరు కదా.

"ఏ బాయి నీళ్లు తాగుతరమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

సత్తెమ్మ తటపటాయించింది. ఊళ్లో బావులు రెండు. ఒకటి ఊరుమ్మడిది, ఒకటి ఆమె మామ తవ్వించింది. మామ తవ్విన బావి నీళ్లలోనే ఎముకను పట్టేసేదేదో ఎక్కువగా ఉందని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ మాట ఆ ఇంటికి తలవంపు.

నేను చెవి దగ్గర గొణిగాను. "వదినా, ఊరుమ్మడి బాయి అని చెప్పరాదూ! నీ మామ పేరు ఎందుకు తీస్తవ్?"

ఆమె మనిషంతా తిరిగి నన్ను చూసింది. "గట్లనే అందామనుకున్న వదినా. గని నేను అబద్ధం చెప్తే నా మనుమరాలు గా బాయిలనే తాగుతది." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "మా మామ తవ్విన బాయి. నలభై ఏండ్ల సంది గదే," అని చెప్పింది.

డాక్టరమ్మ రాసుకుని, ఒక సీసాను వేరేగా పెట్టింది. రాత్రి పచ్చిపులుసుతో అన్నం పెట్టారు. బాగుంది, కానీ బిడ్డ అత్తగారింట్లో రెండోసారి అడగలేం కదా. నా రొట్టెలే ఒకటి తిని పడుకున్నాను.

దేవరకొండ దాటాక

మరునాడు బస్సులో నా పక్కన ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. చేతిలో ట్రంకు పెట్టె, ఒళ్లో బట్ట సంచులు. చిన్న చిన్న సంచులు, ఒక్కొక్క దానికి చీటీ కట్టి ఉంది. ఏ విత్తనాలో అనుకున్నాను.

"మన్ను, అవ్వా," అన్నాడు.

"మన్నా? ఎవరు కొంటరు?"

"ఎవరు కొనరు. మేం పరీక్ష చేస్తం. ఒక చేన్ల ఆముదం పండుతది, పక్క చేన్ల ఎండుతది. వాన ఒక్కటే, విత్తు ఒక్కటే. ఎందుకో మన్నునే అడగాలె."

చీటీల మీద ఊరి పేరు, రైతు పేరు, చేను పేరు నీలి సిరాతో రాసి ఉన్నాయి. ఎర్ర చెలక మన్నుకు కూడా ముద్దుగా పేరు పెట్టి చీటీ కట్టారు. నర్సుకు కుర్చీ, సత్తెమ్మకు టేపు, మన్నుకు చీటీ. నేను నా సంచిని గట్టిగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దారి పొడుగునా బండలు, గుట్టలు, అక్కడక్కడ జొన్న చేలు. మా వైపు కంటే నేల ఎర్రగా ఉంది, మనుషులు పలచగా ఉన్నారు.

ఒక వాగు దిగేటప్పుడు బస్సు గుంతలో పడి ఎగిరింది. ఆయన ఒళ్లోంచి రెండు సంచులు జారి, మూతులు ఊడి, నా కాళ్ల దగ్గర మన్నంతా కుప్పపడింది. నాకు ఏ వస్తువూ పారబోసి చూస్తూ ఊరుకునే అలవాటు లేదు. వంగి, అరచేతితో ఊడ్చి, ఒక్క గింజ కూడా పోకుండా అంతా ఒక సంచిలోకి ఎత్తి, మూతి బిగించి ఆయన చేతికిచ్చాను.

ఆయన మొహం పాలిపోయింది. "ఎంత పని చేస్తివి అవ్వా!"

"ఏమైంది? అంతా ఎత్తిన గద కొడుకా! చూడు, చారెడు గూడ పోలే."

"పోతేనే బాగుండు. గది పండిన చేను మన్ను, గిది ఎండిన చేను మన్ను. రెండూ కలిపినవ్. ఇప్పుడు గిది ఏ చేనుది? ఎవరికీ ఏం చెప్పని మన్నైపాయె."

"జర అటుది జర ఇటుది తీసి..."

"తీయరాదు."

ఆ సంచిని కిటికీలోంచి దులిపేశాడు. తర్వాతి ఊళ్లో దిగిపోయి, వెనక్కి పోయే బస్సు కోసం చెట్టు లేని చోట, ఎండలో నిలబడ్డాడు. ఆ చేలు ఎంత దూరమని కండక్టరును అడిగాను. "పొద్దుగూకుతది ఆయనకు," అన్నాడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే నాకు తేలికగా ఉండేది.

కల్వకుర్తిలో ఆగిన పూట

కల్వకుర్తి అంగట్లో చాయ్ పది నయాపైసలు. మా చౌటుప్పల్‌లో కంటే చిన్న గ్లాసు. వద్దని కుండ నీళ్లు తాగి చప్టా మీద కూర్చున్నాను. అక్కడ తెల్ల చీర కట్టుకున్న ఒక అమ్మాయి ఆడవాళ్ల దగ్గర ఒక్కొక్కరి దగ్గరే కూర్చుని ఏదో అడుగుతున్నది. పంతులమ్మలకు పాఠం చెప్పడం నేర్పే బడి నుంచి వచ్చిందట. ఆడపిల్లలు చదువు నడుమ ఎందుకు మానేస్తారో తెలుసుకుంటున్నదట. దానికి కూడా పరిశోధన!

"మీరేమన్నా చదువుకున్నారా అమ్మమ్మా?" అని అడిగింది.

అరవై ఏళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"అయ్యవారి బడిల రెండేండ్లు. రాస్త, చదువుత. కూడికలు వస్తయి."

"ఎందుకు మానేశారు?"

చెప్పాను. మా నాయిన ఇద్దరిలో ఒక్కదాన్నే పంపుతానన్నాడు. మగ్గానికి దారం కండెలు చుట్టడానికి ఒక మనిషి కావాలి. నా వేళ్లు చురుకు, నర్సు వేళ్లు మొద్దు. అందుకని నన్ను కండెల దగ్గర కూర్చోబెట్టి దాన్ని బడికి పంపాడు. అది ఐదు దాకా చదివింది. సాయంత్రం అది ఎక్కాలు గట్టిగా చదువుతుంటే, నేను కండె చుడుతూ దానికంటే ముందే ఒప్పజెప్పేదాన్ని. నాయిన విని నవ్వేవాడు. కానీ పంపలేదు.

ఆ అమ్మాయి తలూపుతూ విన్నది. కాగితం మీద 'ఇంటి పని' అని ఉన్న గడిలో ఒక గీత పెట్టి, పక్కామె దగ్గరికి జరిగింది.

నేను ఆ కాగితాన్ని తొంగి చూశాను. ఆ గడిలో అప్పటికే బోలెడు గీతలున్నాయి. వాటిలో నాది ఏదో నాకే తెలియలేదు.

ఆ రాత్రి అక్కడే మా దూరపు చుట్టాల ఇంట్లో పడుకుని, తెల్లారి జడ్చర్ల బస్సెక్కాను.

పాలమూరు

కాలేజీ గుమ్మం దగ్గర పహరా మనిషి నన్ను ఆపి, కార్డు ఉందా అన్నాడు. కొంగు ముడి విప్పి నర్సు రాసిన కార్డు చూపించాను. అతనికి చదువు రానట్టుంది, పొమ్మన్నాడు.

లోపల పెద్ద హాలు. సీసాల్లో మందు నీళ్లలో ఊరుతున్న తేళ్లు, వాటి పక్కన తేలు కుట్టిన వాళ్లకు చేసే వైద్యం బొమ్మలు. ఒక గోడకు చిన్నపిల్లల పలకలు వేలాడదీశారు, పిల్లలు లెక్కల్లో ఎక్కడ తప్పుతారో చూపడానికట. ఒక మూల చుక్కల పటం. ఇంతమంది ఇన్ని రకాలుగా అడుగుతూ తిరుగుతున్నారని నాకెప్పుడూ తెలియదు. తెలిసి ఉంటే కండెల దగ్గర కూర్చున్న రోజుల్లోనే ఎవరో ఒకరి వెంట పోయేదాన్ని.

నడుమ, పంకా కింద, కుర్చీలో నర్సు. కొత్త గళ్ల చీర, ఎర్రంచు. మక్తల్ వైపు మగ్గాల మీద అలాంటివే నేస్తారు, మా పువ్వు అక్కడ ఎవరికీ రాదు. దాని చుట్టూ మంది. దాని మొద్దు వేళ్లు కట్టు కడుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మూడో కట్టు వదులుగా పడింది. నేను దూరం నుంచే చూశాను.

"అక్కా!" అని అది లేచి వచ్చేలోపే ఆ లెక్కల సారు నన్ను చూశాడు. పరుగున వచ్చి వంగి దండం పెట్టాడు.

"అమ్మా, మీరొచ్చిన్రా! మళ్లా గడప తొక్కద్దన్నరని కార్డు పంపడానికి భయపడ్డ. రండి, రండి. మీకొకటి చూపియ్యాలె."

గోడ దగ్గరికి తీసుకుపోయాడు. రెండు పెద్ద గళ్ల కాగితాలు. ఒకదాని మీద 'నర్సమ్మ గారి లెక్క: పదకొండు'. పక్కన, దానికంటే పెద్ద కాగితం మీద, దానికంటే పెద్ద అక్షరాలతో, 'వీరమ్మ గారి లెక్క: పన్నెండు'.

నా పేరు. అచ్చంగా నా పేరే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాను.

"చెల్లెమ్మగారి లెక్క ఒక్క పూటలో తేలిపోయింది," అన్నాడు సారు. "మీదే నన్ను ఎనిమిది నెలలు తిప్పలు పెట్టింది. పన్నెండు కడితే కొస కలవదు. మరి పెద్దలు ఊరికే కట్టరు గదా! దారం మందమా, రంగు పాకుడా, నేతల గుంజుడా అని ఒక్కొక్కటే లెక్క వేసిన. చివరికి ఒక సూత్రం దొరికింది. నా పుస్తకానికి ప్రాణం మీ పన్నెండే అమ్మా. రేపు పొద్దటి టపాలో విశ్వవిద్యాలయానికి పంపుతున్న."

జనం నర్సును వదిలి ఇటు వచ్చారు. ఒక ముసలి పంతులు నా చేతులు చూపించమని అడిగాడు. ఇద్దరు ఆడపిల్లలు నా పేరు రాసుకున్నారు. ఎవరో కుర్చీ తెచ్చారు, పంకా కిందికే. నేను కూర్చున్నాను. నర్సు తన కుర్చీలో ఒక్కతే మిగిలి, వదులు పడ్డ కట్టును విప్పి మళ్లీ కట్టుకుంటున్నది. ఆ పూట గడిచినంత తృప్తిగా నాకు ఏ పూటా గడవలేదు.

పొద్దుగూకకముందే చెల్లె మరిది ఇంటికి పోయాం. నర్సు మక్తల్ నుంచి తెచ్చిన కడక్ రొట్టెలు పెట్టింది. అక్కడివాళ్లు జొన్న రొట్టెను అప్పడమంత పలచగా కాల్చి ఎండబెడతారు, పల్లీల పొడితో తింటారు, నెల రోజులైనా చెడిపోదు. మా రొట్టె రెండో రోజుకే గట్టిపడుతుంది. రొట్టెలో కూడా అది నాకంటే ఒక మెట్టు పైనే.

"అక్కా," అంది నర్సు, రొట్టె విరుస్తూ. "పన్నెండు, అమ్మ చెప్పిన దొంగ కట్టే గదా?"

"నోర్ముయ్."

"సారుకు చెప్పవా?"

"నీ కాగితం కాడ మంది లేరని మండుతుందా?"

"మండుతుంది. ఒక్క పూట సంది మండుతుంది. నీకు యాభై ఏండ్ల సంది మండుతుంది. కాదంటవా?"

నేను పల్లీల పొడి గిన్నెను దాని వైపు జరిపాను.

"గా పిల్లగాడు ఎనిమిది నెలలు తిప్పలు పడ్డడట. గది పట్నంల పెద్ద పంతుళ్లు చూస్తరు. నీ లెక్క ప్రకారం ఎవడన్న కట్టి చూస్తే పువ్వు నోరు తెరుస్తది. అప్పుడు గా పోరని బతుకు ఏమైతది?"

"నీకు పొద్దటి సంది తెలుసు. మరి నువ్వెందుకు చెప్పలే?"

"నీ పేరు గోడ మీద చూసి నువ్వు మురిసినవ్. నా నోటితోని ఎట్ల చెప్పుదు? చెప్తే నువ్వే చెప్పాలె. లేదంటే నేను సచ్చినా చెప్ప."

అది చెప్పేసి ఉంటే దాని మీద కోపగించి నేను బతికిపోయేదాన్ని. రోజంతా నోరు కట్టుకుని కూర్చుంది. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్లే పుట్టింది. ఎండలో చెట్టు లేని చోట నిలబడ్డ మన్ను మనిషే కళ్లలో మెదిలాడు.

తెల్లారి

ఏడు గంటలకు కాలేజీకి పోయాను. సారు బల్ల మీద కాగితాల కట్టకు పురికొస చుడుతున్నాడు. నేను సంచిలోంచి దారం, ట్యూబు పీలికలు తీసి, రెండు మడతలు వేసి, ఆయన ముందే కట్టాను. ఒక్కొక్కటి పైకి లెక్కపెట్టాను. పదకొండు దగ్గర ఆపి, కొస మడత అంచుకు చేరిందని చూపించాను. కలిసింది.

"మరి పన్నెండో?" అన్నాడు.

"పరాయోళ్లకు చెప్పే లెక్క కొడుకా. పువ్వును ఎవరూ ఎత్తుకపోకుంట."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. "నేను పరాయోన్నని అనుకున్నరా?" అన్నాడు.

"అనుకున్న."

ఆయన పురికొస విప్పి, కట్టలోంచి పన్నెండు గురించి రాసిన ఒక వేలు మందం కాగితాలు తీసి పక్కన పెట్టాడు. ఆ పూట టపాకు ఇవ్వలేదు. స్టూలు ఎక్కి, నా పేరున్న కాగితాన్ని మేకులు ఊడబీకి దించి, చుట్టగా చుట్టాడు. మేకులను నేనే పట్టుకున్నాను. నర్సు కాగితం గోడకు ఓరగా మిగిలిపోయిందని, దాన్ని నడిమికి జరిపి అవే మేకులతో కొట్టాడు.

నర్సు ఎనిమిదింటికి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మూడో కట్టు ఈసారి కూడా వదులుగానే కట్టింది. నేను వంగి బిగించి, సంచి తీసుకుని, తొమ్మిది గంటల బస్సెక్కాను.